ముందు లాగుడు, వెనక తోపుడు

కోలారు గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్)లో బెమెల్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే లోబెడ్ ట్రైలరును చూడనివాళ్లు ఆ ఊళ్లో అరుదు. 1964లో పుట్టిన ఆ ప్రభుత్వరంగ సంస్థ ఇక్కడ బుల్డోజర్లు, ఎక్స్‌కవేటర్లు తయారుచేస్తుంది. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాక ఊరికి మిగిలిన పెద్ద ఫ్యాక్టరీ అదే. 30 టన్నులు దాటిన యంత్రాన్ని గొలుసులతో బిగించి లోబెడ్ మెల్లగా బంగారపేట దారి పడుతుంది. రోడ్డు పక్క నిలబడ్డవాళ్లు ఒకడుగు వెనక్కి వేస్తారు. దాని వెనకాలే హారన్ కొట్టుకుంటూ 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకరును లాక్కుంటూ ఒక ట్రాక్టరు వస్తుంది. దాన్ని చూసి ఎవరూ జరగరు.

జరగాల్సింది ఆ రెండోదాన్ని చూసినప్పుడే. లోబెడ్‌కు ప్రతి ఇరుసు మీదా గాలి బ్రేకు ఉంటుంది. ముందు బండికీ ట్రైలరుకూ మధ్య గొట్టం ఊడితే బ్రేకులు వాటంతటవే పడిపోతాయి. ట్రాక్టరుకు బ్రేకు ఉండేది రెండు చక్రాలకు. వెనక వచ్చే ట్యాంకరుకు చాలాసార్లు అసలే ఉండదు. పిన్ను జారితే అది ఎటు పోవాలనుకుంటే అటు పోతుంది.

వెనక బండి తగిలించుకుని నడిపేవాళ్లు ఎక్కడైనా మొదట అడిగేది ఒకే ప్రశ్న: ఏ బ్రేకు ప్యాడ్లు వేయించాలి? డాలస్‌లో క్యాంపరు (కారు వెనక తగిలించే చక్రాల ఇల్లు) కొనుక్కుని సెలవుల్లో కొలరాడో కొండలకు పోయే తెలుగు కుటుంబానిదీ అదే ప్రశ్న, మాలూరు నుంచి ఇటుకలు తోలే ట్రాక్టరు యజమానిదీ అదే ప్రశ్న. మన దేశంలో క్యాంపర్లు చాలావరకు సొంత ఇంజనున్న వ్యాన్లే. ఏఐఎస్ 124 అనే ప్రమాణం కూడా అలాంటి మోటారు క్యారవాన్ల కోసం రాసిందే. కారు వెనక ఇల్లు తగిలించుకుని పోయే అలవాటు మనకు దాదాపు లేదు. అయితేనేం, లాగుడు బండ్లకు కోలారు జిల్లాలో కొదవ లేదు. మాలూరు ఇటుకలు, పెంకులు, టేకల్ రాళ్లు, నీలగిరి దుంగలు, శ్రీనివాసపురం మామిడి, ఊరూరి టమాటా, ఏడాది పొడుగునా పారే నది లేని జిల్లా కాబట్టి నీళ్లు... అన్నీ ఏదో ఒక దశలో ట్రాలీ ఎక్కాల్సిందే.

ప్యాడ్ల సంగతి తర్వాత చూద్దాం. అంతకంటే ముందు తేలాల్సింది ఒకటుంది: వెనకదాన్ని ఆపేదెవరు?

ట్రాక్టరు బ్రేకు పొలం కోసం పుట్టింది. కుడి వెనక చక్రానికి ఒక పెడల్, ఎడమదానికి ఇంకొకటి. సాలు చివర ఇరుకులో తిరగాలంటే లోపలివైపు చక్రాన్ని ఒక్కదాన్నే తొక్కిపడితే బండి అక్కడికక్కడే తిరుగుతుంది. రోడ్డెక్కేటప్పుడు ఆ రెండు పెడళ్లనూ కలిపే కొక్కెం వేయాలి. వేయకుండా వచ్చి, కంగారులో ఒక్క పెడల్ తొక్కితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు: ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది, ట్రాలీ దాని నడుం మీదికొస్తుంది. పొలం నుంచి నేరుగా మండీకి బయల్దేరే టమాటా సీజనులో అందరూ మరిచేది ఈ చిన్న కొక్కేన్నే.

కొక్కెం వేసినా, మామూలు టూ వీల్ డ్రైవ్ ట్రాక్టరులో ముందు చక్రాలకు బ్రేకుండదు. ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరైతే ఆ లివరు వేసినప్పుడు ముందు చక్రాలు కూడా గేర్ల ద్వారా వెనకవాటితో కలిసి ఆగుతాయి. దిగుడులో దాన్ని వేసుకోవడం మంచిదని అందుకే చెబుతారు.

ఇప్పుడొక లెక్క. ట్రాక్టరు 2 టన్నులు, ట్రాలీ సరుకుతో కలిపి 5 టన్నులు అనుకుందాం. ట్రాక్టరు బరువులో వెనక చక్రాల మీద పడేది 1.3 టన్నులు, ట్రాలీ నొగ మోపేది ఇంకో అర టన్ను. అంటే బ్రేకున్న చక్రాల కింద ఉన్నది 1.8 టన్నులు, ఆగాల్సింది 7 టన్నులు. పొడి తారురోడ్డు మీద టైరు పట్టు 0.6 అనుకుని, గంటకు 30 కి.మీ. వేగంలో గట్టిగా బ్రేకు తొక్కితే, చదునులో బండి ఆగడానికి సుమారు 23 మీటర్లు పడుతుంది. 6 శాతం వాలులో 38 మీటర్లు. 10 శాతం వాలులో 65 మీటర్లు. వాన పడి పట్టు 0.4కు దిగిందా, ఆ 10 శాతం వాలులో బండి దాదాపుగా ఆగనే ఆగదు. డ్రైవరు కాలు పెడల్ మీదికి వెళ్లేలోపు పోయే 8 మీటర్లు వీటికి అదనం. బ్రేకు తొక్కినప్పుడు బరువు ముందుకు ఒరిగి వెనక చక్రాల పట్టు ఇంకొంచెం తగ్గుతుంది కాబట్టి నిజం ఈ లెక్క కంటే కాస్త చేదుగానే ఉంటుంది.

అదే ట్రాలీ చక్రాలకు కూడా సరిగా పనిచేసే బ్రేకు ఉంటే? చదునులో ఆరున్నర మీటర్లు, 10 శాతం వాలులో 8 మీటర్లు.

ఈ అంకెల్లో ప్యాడు పేరు ఎక్కడా రాలేదని గమనించాలి. ఎంత ఖరీదైన ప్యాడు గానీ, డ్రమ్ము బ్రేకులో వేసే లైనరు గానీ వేయించినా అది చేయగలిగింది చక్రాన్ని బిగించి పట్టడం వరకే. చక్రం బిగిశాక ఆపాల్సింది టైరుకూ రోడ్డుకూ మధ్య పట్టు. ఆ పట్టు దాని మీదున్న బరువుకు లోబడి ఉంటుంది. 1.8 టన్నుల పట్టుతో 7 టన్నులను ఆపాలనుకోవడంలోనే తప్పుంది. ముళబాగిలు, వి.కోట వైపు మెకానిక్ షెడ్లలో ఈ మాట ఏదో ఒక రూపంలో వినబడుతూనే ఉంటుంది:

"లైనర్లు కొత్తవి వేసినా గూడ బ్రేకు పట్టల్యా నా."

"ట్రాలీకి బ్రేకుండాదా ప్పా?"

"ఉండాది. పైపు పీకేసినారు."

పైపు ఎందుకు పీకేస్తారంటే, ఆ ట్రాలీని రేపు ఇంకో ట్రాక్టరు లాగుతుంది, దానికి ఆ పైపు తగిలించే వీలు ఉండదు. లేదంటే లైనర్లు అరిగి చక్రం పట్టేస్తోంది, బాగుచేయించడం కంటే పీకేయడం సులువు. ట్రాలీ కొనేటప్పుడు తొట్టి ఎంత మందం, టైర్లు కొత్తవా పాతవా అని వంగి చూసే మనిషి బ్రేకు దగ్గరికొచ్చేసరికి వంగడు.

నీళ్ల ట్యాంకరుది ఇంకో తరహా ఇబ్బంది. ఇటుక కదలదు, నీళ్లు కదులుతాయి. నిండుగా ఉన్న ట్యాంకు కంటే సగం ఖాళీ అయినది ఎక్కువ అల్లరి చేస్తుంది. బ్రేకు తొక్కగానే నీళ్లన్నీ ముందు గోడకు కొట్టుకుని, బండి ఆగిందనుకున్న క్షణంలో మళ్లీ ఒక తోపు తోస్తాయి. మలుపులో పక్కకు ఒరుగుతాయి. లోపల రంధ్రాలున్న అడ్డుగోడలు రెండుమూడు వేయిస్తే ఆ అల చాలావరకు విరుగుతుంది. ఊళ్లలో వెల్డింగు షాపుల్లో తయారయ్యే ట్యాంకుల్లో అవి ఉన్నాయో లేదో మూత తీసి, టార్చి వేసి చూస్తేనే తెలుస్తుంది. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట సందుల్లో మూడు ఇళ్లకు నీళ్లు పోసి నాలుగో ఇంటికి బయల్దేరే ట్యాంకరు ఎప్పుడూ సగం ఖాళీగానే ఉంటుంది మరి.

బ్రేకు గురించి కేజీఎఫ్‌కు కొత్తగా చెప్పేవాళ్లు అక్కర్లేదు. నేలలోకి 3 కి.మీ. లోతు దాకా వెళ్లిన గనులవి. మనుషులను దింపే కేజ్, పైన తిరిగే వైండింగ్ యంత్రం, వాటి మధ్య ఇనుప తాడు. అలాంటి యంత్రాల బ్రేకు వెనక ఉండే సూత్రం ఇది: భారం వల్లో స్ప్రింగు వల్లో బ్రేకు ఎప్పుడూ పడటానికి సిద్ధంగా ఉంటుంది, శక్తి దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. శక్తి పోతే బ్రేకు పడుతుంది. ఎక్కించే దించే యంత్ర సామగ్రిని రోజూ పరీక్షించాలని గనుల నిబంధనలు చెబుతాయి. జార్జి వెస్టింగ్‌హౌస్ 1872లో రైళ్లకు తెచ్చిన ఆటోమేటిక్ ఎయిర్ బ్రేకులో ఉన్నదీ ఈ సూత్రమే. గొట్టం తెగితే రైలు ఆగుతుంది. అంతకు మూడేళ్ల ముందు ఆయనే చేసిన మొదటి బ్రేకులో గొట్టం తెగితే బ్రేకు పోయేది. బెమెల్ లోబెడ్ 1872 వైపు ఉంది. హుక్కూ పిన్నూ తప్ప మరో బంధం లేని మన ట్రాలీ 1869 దాకా కూడా రాలేదు.

ట్రాలీకి బ్రేకు పెట్టించాలంటే దారులు నాలుగు. వాటిలో చవకైనది తోపుడు బ్రేకు. ముందు బండి నెమ్మదించగానే ట్రాలీ ముందుకు తోస్తుంది కదా, ఆ తోపునే నొగలో ఉన్న కడ్డీ అందుకుని ట్రాలీ బ్రేకులను లాగుతుంది. యూరప్‌లో 3.5 టన్నుల లోపు క్యాంపర్లకు ఎక్కువగా ఉండేది ఇదే. ముందు బండి నుంచి పైపూ వైరూ అక్కర్లేదు కనుక ఏ ట్రాక్టరుకు తగిలించినా పనిచేస్తుంది. మన ఊళ్ల అవసరానికి బాగా అతికేది ఇదేననిపిస్తుంది, కానీ ఇక్కడ కనిపించేది తక్కువ. రెండోది హైడ్రాలిక్, మూడోది గాలి బ్రేకు. బరువులు లాగడానికే చేసిన కొన్ని ట్రాక్టరు మోడళ్లకు ఈ రెంటిలో ఒకటి కంపెనీయే ఇస్తుంది. కొనేటప్పుడు అడిగి తీసుకోవాలి. నాలుగోది కరెంటు బ్రేకు, అది అమెరికా క్యాంపర్ల రాజ్యం.

అక్కడి తెలుగువాళ్లకు ఈ విషయంలో చట్టమే సగం జవాబు చెబుతుంది. టెక్సస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటిన ట్రైలరుకు సొంత బ్రేకు ఉండాలి. కాలిఫోర్నియాలో క్యాంపరుకు ఆ హద్దు 1,500 పౌండ్లే. బ్రిటన్‌లో బ్రేకు లేని ట్రైలరు 750 కిలోలు దాటకూడదు. రాష్ట్రం మారితే హద్దు మారుతుంది గానీ రోడ్డు పట్టు మారదు కాబట్టి, చట్టం అనుమతించినా బ్రేకు లేకుండా లాగడం తెలివైన పని అనిపించుకోదు. 2.2 టన్నుల ఎస్‌యూవీకి 1.2 టన్నుల బ్రేకులేని క్యాంపరు తగిలించి గంటకు 80 కి.మీ. వేగంలో ఆపితే, పట్టు 0.7 ఉన్న రోడ్డు మీద, 56 మీటర్లు పడుతుంది. క్యాంపరుకు బ్రేకుంటే 36. తేడా 20 మీటర్లు, అంటే నాలుగు కార్ల పైచిలుకు పొడవు.

కరెంటు బ్రేకుకు డ్రైవరు దగ్గర ఒక కంట్రోలరు ఉంటుంది. చవక రకం టైమ్ డిలే: పెడల్ తొక్కగానే ముందే పెట్టిన బలంతో ట్రైలరును ఆపుతుంది, మెల్లగా తొక్కినా గట్టిగా తొక్కినా దానికొకటే. ప్రొపోర్షనల్ రకం ముందు బండి ఎంత గట్టిగా ఆగుతోందో పసిగట్టి అంతే బలం పంపుతుంది. కొండ దారికి రెండోదే మేలు. దాన్ని సరిచేసుకునే పద్ధతి: సరుకు నింపాక, ఖాళీగా ఉన్న పొడి చదును రోడ్డు మీద గంటకు 40 కి.మీ. లోపు వేగంలో కంట్రోలరు చేతి లివరును నొక్కాలి. ట్రైలరు చక్రాలు బిగుసుకునే దాకా బలం పెంచి, అక్కణ్నుంచి కొంచెం తగ్గించాలి. బరువు మారిన ప్రతిసారీ మళ్లీ సరిచూడాలి. క్యాంపరు అటూ ఇటూ ఊగడం మొదలైతే ముందు బండి బ్రేకు తొక్కడం పెద్ద పొరపాటు. స్టీరింగు నిటారుగా పట్టి, యాక్సిలరేటరు వదిలి, చేతి లివరుతో క్యాంపరును మాత్రమే ఆపాలి. అప్పుడది వెనక నుంచి లాగి బండిని తిన్నగా చేస్తుంది. అమెరికా పద్ధతి క్యాంపర్లలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడేలా సామాను సర్దితే ఆ ఊగుడే రాదు. ఇదే న్యాయం మన ట్రాలీకీ వర్తిస్తుంది. ఇటుకలన్నీ వెనక తలుపు వైపు పేరిస్తే ట్రాలీ నొగ పైకి లేస్తుంది, బ్రేకున్న చక్రాల మీద బరువు తగ్గుతుంది, మన లెక్కలోని 1.8 టన్నులు కూడా మిగలవు.

ఇక ఘాట్ సంగతి. కోలారు జిల్లా పీఠభూమి అంచున ఉంది. జిల్లాలో తిరిగినంతసేపు రోడ్లు మెలికలు తిరిగినా పెద్ద దిగుళ్లు తగలవు. సరుకు తూర్పుకు కదిలితేనే అసలు పరీక్ష. ముళబాగిలు, నంగిలి దాటి పలమనేరు మీదుగా చిత్తూరుకు దిగే పాత నాలుగో నంబరు జాతీయ రహదారిలో మొగిలి ఘాట్ ఉంది. వి.కోట నుంచి పేర్నంబట్టుకు దిగే దారిలో మరో ఘాట్. కోలారు సముద్రమట్టానికి 800 మీటర్ల పైన ఉంటే, చిత్తూరు 330 మీటర్ల దరిదాపుల్లో ఉంది. 2024 సెప్టెంబరు 13న మొగిలి ఘాట్‌లో ఇనుము వేసుకొచ్చిన లారీ ఆర్టీసీ బస్సును ఢీకొని పలువురు ప్రాణాలు పోయిన సంగతి ఆ దారిన తిరిగేవాళ్లు ఇంకా చెప్పుకుంటున్నారు.

దిగుడులో బ్రేకు చేసే పని వేడి పుట్టించడం. ఇందాకటి 7 టన్నుల బండి 100 మీటర్ల ఎత్తు దిగితే వదిలే శక్తి 68 లక్షల జౌళ్ల పైచిలుకు. 22 లీటర్ల చన్నీళ్లను మరిగే దాకా కాచడానికి అది చాలు. చదునులో 30 కి.మీ. వేగం నుంచి ఒకసారి ఆగితే పుట్టే వేడికి ఇది 28 రెట్లు. టైర్లూ గాలీ కొంత తినేస్తాయి. మిగిలింది ఇంజనైనా మోయాలి, బ్రేకైనా మోయాలి. ఇంజను మోస్తే ఆ వేడి రేడియేటరు గుండా, పొగగొట్టం గుండా పోతుంది. బ్రేకు మోస్తే డ్రమ్ములోనే కూర్చుంటుంది. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తే షూ దాన్ని అందుకోవడానికి ఇంకా దూరం పోవాలి, పెడల్ కిందికి దిగుతుంది. లైనరులోని జిగురు పదార్థం వేడికి వాయువులు వదులుతుంది, పట్టు సడలుతుంది. డ్రైవరుకు తెలిసేది మొదట వాసన, తర్వాత పొగ. తొక్కినా పట్టని పెడల్ చివర్లో వస్తుంది.

అందుకే ప్యాడు ఎంపికలో అసలు చూడాల్సింది వేడి మీద దాని తీరు. షాపులో అడిగితే మూడు మాటలు వినబడతాయి: ఆర్గానిక్, సెమీ మెటాలిక్, సెరామిక్. ఆర్గానిక్ మెత్తన, చప్పుడు తక్కువ, ధర తక్కువ, ఊళ్లో తిరిగే కారుకు చాలు. బరువుతో ఘాట్ దిగే బండికి చాలదు. సెమీ మెటాలిక్‌లో ఉక్కు నార, ఇనుప పొడి దండిగా ఉంటాయి. వేడిని బాగా తట్టుకుంటుంది, లాగుడు బండికి సాధారణంగా మొగ్గేది దీనివైపే. బదులుగా డిస్కును ఎక్కువ తింటుంది, పొద్దున్నే కీచుమంటుంది, వేడిని క్యాలిపరులోకి, అక్కణ్నుంచి బ్రేకు ఆయిల్‌లోకి కూడా బాగానే పంపిస్తుంది. సెరామిక్ శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటుంది, ఖరీదెక్కువ. బరువు లాగడానికని ప్రత్యేకంగా చేసిన రకమైతే తప్ప, పేరు చూసి దాన్ని ఘాట్‌కు పనికొస్తుందనుకోకూడదు.

పేరు కంటే నమ్మకమైన గుర్తు ఒకటుంది. చాలా ప్యాడ్ల అంచు మీదో వెనకో అక్షరాల వరసలో ఈఈ, ఎఫ్ఎఫ్, జీజీ అని రెండక్షరాలు ముద్రించి ఉంటాయి. మొదటి అక్షరం మామూలు వేడిలో రాపిడి, రెండోది బాగా కాలినప్పటిది. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఎఫ్ఈ అని ఉంటే చల్లగా ఉన్నప్పుడు బాగా పట్టి, కాలాక సడలుతుందని అర్థం. ఘాట్ దిగేవాడు కొనాల్సింది అది కాదు. ఎఫ్ఎఫ్ చూసుకోవచ్చు. జీజీ ఇంకా మేలు కదా అని ముందు చక్రాలకు మాత్రం వేయిస్తే ముందు వెనకల తూకం చెడుతుంది, కంపెనీ ఏ తరగతి ఇచ్చిందో దాని దగ్గర ఉండటం నయం. ఈ అక్షరాలు అరుగుదలనూ మన్నికనూ చెప్పవు. యూరప్‌లో అమ్మే ప్యాడ్ల మీద ఆర్90 అనే ఆమోదం ఉంటే, బదులు ప్యాడు పనితీరు ఒరిజినల్‌కు 15 శాతం అటూ ఇటూ లోపల ఉందని భరోసా.

ఈ సరుకు విషయంలో కోలారు అదృష్టవంతురాలు, పెద్ద తయారీదార్లు చాలామంది మద్రాసు వైపే ఉన్నారు. రానే, సుందరం, బ్రేక్స్ ఇండియా, అన్నీ చెన్నై కేంద్రంగా ఎదిగినవే. అయినా పక్కనే తక్కువ ధరకు ఊరూపేరూ లేని లైనర్లు అమ్ముడవుతూనే ఉంటాయి. అక్షరాలు లేని, బ్యాచి నంబరు లేని ప్యాడును ఎంత చవకైనా పక్కన పెట్టడం మంచిది. పాత లైనరు పొడిని గాలి పైపుతో ఊదే అలవాటు కూడా మానాలి. అందులో ఆస్‌బెస్టాస్ ఉందో లేదో కళ్లకు కనబడదు, ఊపిరితిత్తులకు తెలుస్తుంది. తడి గుడ్డతో తుడిస్తే పోయేదానికి ఊదడమెందుకు?

మార్చేటప్పుడు ఒక ఇరుసు మీది రెండు చక్రాలకూ ఒకేసారి మార్చాలి. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే బండి కొత్తవైపు లాగుతుంది. ప్యాడు మందం 3 మిల్లీమీటర్లకు దిగితే దాని కాలం చెల్లినట్టే. రివిట్లు కొట్టిన లైనరైతే రివిటు తల డ్రమ్మును గీకేదాకా ఆగకూడదు. డ్రమ్ము లోపల ఎంతవరకు అరగొచ్చో ఆ అంకె చాలా డ్రమ్ముల మీదే పోత పోసి ఉంటుంది. వీల్ సీలు కారి నూనె తాగిన లైనరును పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించే పొదుపు చాలామందికి ఉంది. పైన నూనె పోతుంది, లోపలికి ఇంకింది పోదు, వేడెక్కగానే మళ్లీ పైకొస్తుంది. కొత్త ప్యాడ్లు వేసిన రోజే బరువుతో ఘాట్‌కు పోకూడదు. మొదటి రెండు మూడు వందల కి.మీ. ఖాళీ బండితో మామూలు బ్రేకులు కొట్టి, ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి సర్దుకోనివ్వాలి. నూనెలో మునిగి పనిచేసే బ్రేకులున్న కొత్త ట్రాక్టర్లలో ఈ లైనర్ల గొడవ తక్కువ. అక్కడ కంపెనీ చెప్పిన ఆయిలే పోయడం ముఖ్యం, వేరేది పోస్తే బ్రేకు వణుకుతుంది, చప్పుడు చేస్తుంది.

ప్యాడు మీద పెట్టే ధ్యాసలో పావు వంతు బ్రేకు ఆయిల్ మీద పెడితే ఎన్నో ప్రమాదాలు తప్పుతాయి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు 230, 155. ఘాట్‌లో క్యాలిపరు దగ్గర ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ ఫ్లోరుకు తగులుతుంది. ప్యాడ్లు కొత్తవే ఉంటాయి, బ్రేకు మాత్రం ఉండదు. రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్చి, గాలి తీయించడం ఒక జత మంచి ప్యాడ్ల కంటే చవక.

నడిపే తీరులో పాత లారీ డ్రైవర్లు చెప్పే మాట ఇప్పటికీ చెల్లుతుంది: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. గేరు దిగుడు మొదలయ్యేముందే మార్చాలి, మధ్యలో మార్చబోతే ట్రాక్టరు న్యూట్రల్‌లో ఉండిపోయి మళ్లీ గేరు పడకపోవచ్చు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసి దింపేవాళ్ల లెక్క ఇప్పటి ఇంజన్ల దగ్గర తప్పు కూడా. గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే కొత్త తరం ఇంజను డీజిలును పూర్తిగా ఆపేస్తుంది, న్యూట్రల్‌లోనేమో ఐడిలింగుకు కాస్తయినా తాగుతుంది. బ్రేకును పొడుగునా ఆనించి పట్టడం కంటే, అనుకున్న వేగం దాటగానే ఒకసారి గట్టిగా తొక్కి ఏడెనిమిది కి.మీ. తగ్గించి పూర్తిగా వదిలేయడం మేలు. వదిలిన ఆ కొద్ది సేపే డ్రమ్ముకు గాలి తగిలే సమయం.

టమాటా తోలే పికప్పులదీ దాదాపు ఇదే కథ. ఆసియాలోనే పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటిగా చెప్పుకునే కోలారు మండీకి 15 కిలోల బాక్సులు వందల కొద్దీ ఎక్కించుకుని పొద్దు పొడవకముందే చేరాలి, ఆలస్యమైతే వేలంలో ధర పోతుంది. 2023 జులైలో బాక్సు ధర 2,000 రూపాయలు దాటిన రోజుల్లో ఎవరు మాత్రం మెల్లగా పోతారు? ఈ బండ్లలో చాలావాటికి వెనక ఇరుసు దగ్గర లోడు సెన్సింగ్ వాల్వు ఉంటుంది. వెనక బరువెంతుందో చూసి ఆ మేరకు వెనక బ్రేకుకు ఒత్తిడి పంపడం దాని పని. కమాను పట్టీలు అదనంగా వేయించినప్పుడు వెనక భాగం ఎత్తుగా నిలుస్తుంది, వాల్వు బండి ఖాళీగా ఉందనుకుంటుంది, బరువుతో ఉన్న బండికి వెనక బ్రేకు తగ్గిస్తుంది. పట్టీలు వేసిన రోజే వాల్వు కడ్డీని కూడా సరిచేయించాలి.

చట్టం ఈ చిక్కును ఒకవైపు నుంచే పట్టుకుంది. అధిక బరువుకు 2019 సవరణ తర్వాత 20,000 రూపాయల జరిమానా, ప్రతి అదనపు టన్నుకు ఇంకో 2,000. ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టరు లైసెన్సు చెల్లకుండా పోదని కర్ణాటకకు చెందిన నాగశెట్టి కేసులో సుప్రీంకోర్టు 2001లోనే తేల్చింది. లైసెన్సు, బీమా, బరువు... కోర్టుల్లో వాదనలన్నీ వీటి చుట్టూ తిరుగుతాయి. రిజిస్ట్రేషనే లేని ట్రాలీకి బ్రేకుందా అని రోడ్డు మీద ఆపి చూసేవాళ్లు అరుదు. ఇప్పుడు కోలారు జిల్లా గుండా బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే బేతమంగళ దాకా తెరుచుకుంది. దాని మీదికి ట్రాక్టర్లను రానివ్వరు. అవన్నీ పాత రోడ్ల మీదే, పాత వాలుల మీదే మిగులుతాయి.

ఘాట్ దిగాక చాలామంది చేసే పని ఇంకొకటుంది. పొగలొస్తున్న డ్రమ్ముల మీద బకెట్లతో నీళ్లు కొడతారు. డ్రమ్ము పోత ఇనుము. ఒక్కసారిగా చల్లారితే పగుళ్లిస్తుంది, కంటికి కనబడని ఆ పగులు తర్వాతి ఘాట్‌లో విచ్చుకుంటుంది. బండిని చదునులో నిలిపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు బిగించకుండా అరగంట వదిలేస్తే చాలు. టీ తాగొచ్చి, చేతి వెనకభాగాన్ని డ్రమ్ము దగ్గరగా, తగలకుండా పెట్టి చూడాలి. నాలుగు చక్రాల్లో ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ షూ పట్టేసి ఉంది. ఒకటి చల్లగా ఉంటే అది బ్రేకు పనే చేయడం లేదు.